కువైట్‌కి కొత్తగా వచ్చారా? ఇక్కడి ఆడవాళ్ల గురించి కొన్ని మాటలు

నేను కువైట్ వచ్చి పదకొండేళ్లు దాటింది. ప్రభుత్వ క్లినిక్‌లో నర్సుని. క్లినిక్‌ని ఇక్కడ ముస్తౌసఫ్ అంటారు. చేరిన మొదటి ఆరు నెలలు ఆడపేషెంట్లంతా నాకు ఒకేలా కనిపించేవారు. నల్ల అబాయా, నల్ల ముసుగు, అంతే. నిన్న సూది వేయించుకున్న మనిషే ఇవాళ వస్తే మళ్లీ పేరు అడిగేదాన్ని. ఇప్పుడు వరండాలో నడిచి వస్తుంటేనే ఎవరో చెప్పేస్తాను. చెప్పుల చప్పుడు, చేతి బ్యాగు, అబాయా చేతి అంచు మీద కుట్టు, అత్తరు వాసన, అన్నిటికన్నా ముందు గొంతు. మీకూ కొన్నాళ్లకి అలవాటవుతుంది, కంగారు పడకండి.

ముందుగా ఒక మాట. "అరబ్బు ఆడవాళ్లు" అని అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా క్లినిక్‌లోనే ఈజిప్టు డాక్టరమ్మ ఉంది, సిరియా ఫార్మసిస్టు ఉంది, రిసెప్షన్‌లో కువైటీ అమ్మాయిలున్నారు. అందరూ మాట్లాడేది అరబీయే, కానీ తిండి వేరు, కట్టు వేరు, జోకులు కూడా వేరు. సౌదీ గురించి విన్నవన్నీ తెచ్చి ఇక్కడ అతికించొద్దు. సౌదీలో ఆడవాళ్లకి కారు నడిపే అనుమతి వచ్చింది 2018 జూన్‌లో. కువైట్‌లో అంతకు కొన్ని దశాబ్దాల ముందు నుంచే నడుపుతున్నారు. పొద్దున్న స్కూళ్ల టైములో ఐదో రింగ్ రోడ్డు మీదికి వెళ్తే మీకే అర్థమవుతుంది, ఆ హారన్లు ఎవరివో.

ఏం కట్టుకుంటారు, మనం ఏం కట్టుకోవాలి

అబాయా అంటే బట్టల మీద వేసుకునే పొడుగు అంగీ. లోపల జీన్స్ ఉండొచ్చు, పట్టు గౌను ఉండొచ్చు. తల కప్పేది హిజాబ్. కళ్లు మాత్రం కనిపించేలా ముఖం కప్పేది నికాబ్. పెద్దవయసు బద్దూ (ఎడారి తెగల) ఆడవాళ్లు కొందరు బత్తూలా పెట్టుకుంటారు, ముక్కు మీదుగా వచ్చే గట్టి ముసుగు. ఇంట్లో, ముఖ్యంగా రంజాన్ నెలలో చుట్టాలు వచ్చినప్పుడు, దర్రాఆ అని రంగురంగుల వదులు గౌను వేసుకుంటారు. మన నైటీకి దూరపు చుట్టం అనుకోండి, కాకపోతే జరీ, అద్దాలు, పూసలు పెట్టి కుట్టింది.

కువైట్‌లో ఆడవాళ్లు అబాయా వేసుకోవాలని గానీ తల కప్పుకోవాలని గానీ చట్టం లేదు. తల కప్పని కువైటీలు బోలెడుమంది. ఒకే ఇంట్లో అక్క నికాబ్‌లో, చెల్లెలు జుట్టు విరబోసుకుని రావడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ల మధ్య దానికి గొడవేమీ ఉండదు. కాబట్టి ముసుగును బట్టి చదువు, డబ్బు, భక్తి, స్వేచ్ఛ కొలవకండి. నేను కొలిచి నాలుగైదు సార్లు తలదించుకున్నాను.

ఇక మనం. చుడీదార్‌కి ఎక్కడా అడ్డు లేదు. అబ్బాసియా, సాల్మియా లాంటి మనవాళ్లు ఎక్కువుండే పేటల్లో చీర కట్టుకుని తిరిగితే ఎవరూ పట్టించుకోరు. ఆఫీసు పనుల మీద వెళ్లినప్పుడు మాత్రం నడుం కనిపించకుండా పిన్ను పెట్టుకోండి, చేతుల్లేని జాకెట్టు వద్దు. బొట్టు పెట్టుకోవచ్చు. తాళిబొట్టు చూస్తే వాళ్లే చేత్తో పట్టుకుని "ఎన్ని గ్రాములు?" అని అడుగుతారు. బంగారం సంగతొస్తే వాళ్లకీ మనకీ తేడా లేదు. ముబారకియా గోల్డ్ సూక్ (బంగారం బజారు)లో నా పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ నా తరఫున మజూరీ బేరమాడి పెట్టింది, నేను అడక్కుండానే.

గుమ్మం ఎక్కడుందో చూసుకోండి

నాకు అర్థమైనంతలో ఇక్కడి ఆడవాళ్ల జీవితానికి కీలకం బట్టల్లో లేదు, గుమ్మంలో ఉంది. గుమ్మం బయట ఒక మనిషి, లోపల ఒక మనిషి. ఆ గీత ఎక్కడుందో పట్టుకుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇల్లు కట్టడంలోనే అది కనిపిస్తుంది. వీధివైపు దీవానియా ఉంటుంది, మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే గది. దానికి చాలా ఇళ్లలో దారే వేరు. రాజకీయాలు, వ్యాపారాలు, పెళ్లి సంబంధాలు అక్కడ నలుగుతాయి. లోపలి ఇల్లంతా ఆడవాళ్లది, అక్కడ చివరిమాట కూడా వాళ్లదే. దీనికి పాత కారణం కూడా ఉంది. చమురు రాకముందు ఇక్కడి మగవాళ్లు ఎండాకాలమంతా ముత్యాల కోసం సముద్రం మీద ఉండేవారు. తర్వాత ఓడల్లో బొంబాయికి, తూర్పు ఆఫ్రికాకి సరుకులు తీసుకెళ్లేవారు. నెలలకు నెలలు ఇల్లు, పిల్లలు, అప్పులు, బేరాలు అన్నీ ఆడవాళ్లే చూసుకున్నారు. ఆ పెత్తనం ఇంకా పోలేదు. మనదేశంతో ఆ రాకపోకల గుర్తులు భాషలో మిగిలాయి. చెప్పులు జూతి, పచ్చడి అచ్చార్, ఫ్యాను బంకా. 1961లో దీనార్ వచ్చేదాకా వాళ్లు వాడింది రూపాయే. ముసలమ్మలకి ఈ మాట చెప్పి చూడండి, చాయ్ తాగించందే పంపరు.

ఆ గీత నాకు బాగా తెలిసింది ఒక పెళ్లిలో. మా పేషెంట్ కూతురి పెళ్లి. ఇక్కడ ఆడవాళ్ల విందు వేరుగా, రాత్రి బాగా పొద్దుపోయాక మొదలవుతుంది. గుమ్మం దగ్గరే ఫోన్లు తీసుకుని సంచిలో పెట్టారు, ఫొటోలు తీయకుండా. లోపలికెళ్తే కళ్లు జిగేల్మన్నాయి. భుజాలు కనిపించే గౌన్లు, మోచేతుల దాకా గాజులు, స్టేజీ మీద డాన్సులు. ఎర్ర గౌనులో ఒకావిడ వచ్చి నన్ను కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఎవరో తెలియక వెర్రిమొహం వేశాను. "నేనే సిస్టర్, షుగర్ టెస్టుకి ప్రతి నెలా వస్తాను కదా" అంది. మూడేళ్లుగా ఆమె కళ్లు తప్ప నేనేమీ చూడలేదు. కాసేపటికి పెళ్లికొడుకు వస్తున్నాడని మైకులో చెప్పారు. రెండు నిమిషాల్లో హాలంతా మళ్లీ నల్లబడిపోయింది.

ఇలాంటి పెళ్లికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. మీ పట్టుచీరల్లో మంచిది తీయండి. చీర ఎలా కడతారో చూపించమని కనీసం పదిమంది అడుగుతారు. తర్వాత ఆ ముచ్చట్లు మీ ఆయన దగ్గర కూడా పేర్లతో, పోలికలతో చెప్పొద్దు. వాళ్ల దృష్టిలో అది ఇంటి గుట్టు.

పిలుపులు, పలకరింపులు

పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. తండ్రి పేరు, తండ్రి ఇంటిపేరు చివరిదాకా అలాగే ఉంటాయి. కొత్తలో ఫైలు మీద భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉంటే తప్పు రాశారనుకుని దిద్దబోయాను. మనం అత్తారింటికెళ్లగానే ఇంటిపేరు మార్చేసుకుంటామని చెప్తే మా రిసెప్షన్ అమ్మాయి నోరు తెరిచింది. "మరి మీ నాన్న ఏమైపోవాలి?" అంది.

పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకండి. పెద్దకొడుకు పేరుకి ముందు "ఉమ్మ్" చేర్చి పిలవాలి. ఉమ్మ్ ఖాలిద్ అంటే ఖాలిద్ వాళ్లమ్మ. మన ఊళ్లలో "శీనుగాడి అమ్మా" అన్నట్టే, కాకపోతే గౌరవంగా. ఆడవాళ్లని "శ్లోనిచ్" అని పలకరిస్తారు, ఎలా ఉన్నావని. మగవాళ్లకయితే "శ్లోనక్". ఈ "చ్" పట్టుకోవడం మరచిపోకండి, పుస్తకాల అరబీలో ఇది దొరకదు. జవాబు "జైనా, అల్‌హమ్దులిల్లా", బాగున్నాను, దేవుడి దయ అని.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. పసిపిల్లని చూసి ఎంత ముద్దొచ్చినా ముందు "మాషా అల్లా" అనండి, తర్వాతే పొగడండి. టీకాలకి వచ్చిన ఒక బాబుని చూసి ఎంత బొద్దుగా ఉన్నాడో అనేశాను. నాయనమ్మ మొహం మాడిపోయింది, పిల్లాడి మీద బట్ట కప్పేసింది. దిష్టి. మనకి చెప్పాలా ఈ సంగతి! వాళ్లు ఉప్పు తిప్పరు, మిరపకాయలు కాల్చరు, ఆ ఒక్క మాట చాలు.

ఈ పేరా మీ ఆయనకి చదివి వినిపించండి. ఆడవాళ్లకి తనంతట తాను చెయ్యి చాచకూడదు. ఆవిడే చాస్తే కలపొచ్చు, లేదంటే గుండెల మీద చెయ్యి పెట్టుకుంటే చాలు. లిఫ్టులో ఒక్కావిడే ఉంటే తర్వాతి లిఫ్టు దాకా ఆగడం మంచిది. బీచిలోనో పార్కులోనో ఫొటో తీసేటప్పుడు వెనకాల ఏ కుటుంబమూ పడకుండా చూసుకోవాలి. అనుమతి లేకుండా ఆడవాళ్ల ఫొటో తీస్తే పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది. ఆఫీసులో కువైటీ స్నేహితుణ్ని "మీ మిసెస్ ఎలా ఉన్నారు?" అని అడగొద్దు. "ఇంట్లో అంతా కులాసాయేనా?" అని అడగాలి. మన తాతలు పెళ్లాన్ని "మా ఇంట్లోవాళ్లు" అనేవారు కదా, సరిగ్గా అదే మర్యాద.

ఉద్యోగాలు, హక్కులు

క్లుప్తంగా చెప్తాను. ఓటు హక్కు 2005 మే 16న వచ్చింది, దానికోసం ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. అదే ఏడు మసూమా అల్ ముబారక్ తొలి మహిళా మంత్రి అయ్యారు. 2009లో ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్లు పార్లమెంటుకి గెలిచారు. 2020లో ఎనిమిదిమంది జడ్జీలయ్యారు. (పార్లమెంటు మాత్రం 2024 మేలో అమీర్ (ఇక్కడి పాలకుడు) రద్దు చేశాక లేదు.) మంత్రిత్వశాఖల్లో, స్కూళ్లలో, బ్యాంకుల్లో ఎక్కడ చూసినా వాళ్లే కనిపిస్తారు. అయినా పరాయిదేశం మనిషిని చేసుకుంటే పిల్లలకి తల్లి పౌరసత్వం రాదు. మగవాడికి ఆ ఇబ్బంది లేదు. ఈ సంగతి మీదే క్లినిక్‌లో నా ఎదుట ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. నలుగురు భార్యల గురించి మాత్రం దయచేసి అడగకండి. చట్టం ఒప్పుకుంటుంది, కానీ నాకు తెలిసిన ఇళ్లలో ఒక్కరే భార్య. మనల్ని ఎవరైనా కట్నం గురించి అడిగితే ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది. ఇక్కడ మహర్ అని మగవాడే పెళ్లికూతురికి ఇవ్వాలి, అది ఆమె సొంతం.

ఇళ్లలో పనికి వచ్చిన చెల్లెళ్లకి

కడప నుంచి, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మీ కోసం ఇది. మీరు ఇంటావిడని "మామా" అనాలి, ఇంటాయన్ని "బాబా" అనాలి. మీ రోజు ఎలా గడుస్తుందో నిర్ణయించేది మామాయే. ఆమె దగ్గర మొదటి వారమే పని, నిద్ర, ఫోను, సెలవు అన్నీ మాట్లాడేసుకోండి. సిగ్గుపడితే ఆ తర్వాత అడగలేరు. దీవానియాకి చాయ్ మోయడం మామూలుగా మగ పనివాళ్ల పని. మిమ్మల్ని వెళ్లమంటే మామాతోనే చెప్పండి.

ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి జీతంతో సెలవు ఉంటుంది. మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లని 2016లో పెట్టారు. మన ప్రాంతం అమ్మాయి ఒకామె నూనె మీదపడి చెయ్యి కాలితే నాలుగోరోజున మా దగ్గరికి వచ్చింది. వారానికో సెలవు ఉంటుందని రెండేళ్లుగా ఆమెకి తెలియదు. ఆమెకి అది చెప్పినవాళ్లు లేరు, అందుకే నేను ఇక్కడ రాస్తున్నాను. అత్యవసరమైతే 112కి చేయండి. దయ్యా అనే పేటలో ఉన్న మన ఎంబసీలో పనివాళ్ల కోసం ఆశ్రయం కూడా ఉంది. సివిల్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు), పాస్‌పోర్టు రెండిటి ఫొటోలు ఫోన్లో పెట్టుకుని ఇంటికి కూడా పంపండి.

రంజాన్‌లో రోజంతా తలకిందులవుతుంది. పగలు నిద్ర, రాత్రంతా వంట. నిద్ర ఎప్పుడో ముందే మాట్లాడుకోండి. ఆ నెలలో పగలు బయట తినడం, తాగడం చట్టం ప్రకారం నేరం. 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. ఇది అందరికీ, నీళ్లసీసాకి కూడా. నెల మధ్యలో గర్గేయాన్ వస్తుంది. పిల్లలు కొత్తబట్టలు వేసుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. గుమ్మంలో చాక్లెట్లు, గింజలు సిద్ధంగా పెట్టుకోండి, మీ తలుపూ కొడతారు.

వాళ్లింటికి పిలిస్తే

వేళకంటే గంట ఆలస్యంగా వెళ్లినా ఫరవాలేదు, ఖాళీ చేతులతో మాత్రం వెళ్లొద్దు. మీ ఆయన దీవానియా వైపు, మీరు లోపలికి. మజ్బూస్ (మాంసం వేసి వండిన మసాలా అన్నం) పళ్లెం మీ ముందుకి జరుపుతూనే ఉంటారు. ఒకసారి వద్దంటే మొహమాటం అనుకుంటారు, మన ఇళ్లలోలాగే. మాంసం తినకపోతే పిలిచినప్పుడే చెప్పేయండి. కాఫీ చిన్న ఫింజాన్‌లో పోస్తారు, కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేదాకా పోస్తూనే ఉంటారు. నాకు ఇది తెలియక మొదటిసారి తొమ్మిది తాగాను, ఆ రాత్రి నిద్రలేదు.

చివర్లో బుఖూర్ తెస్తారు, నిప్పుల మీద ఊద్ చెక్క వేసిన ధూపం. ఊద్ వచ్చాక కూర్చోవడం లేదని వీళ్ల సామెత. అది మీ దగ్గరికి వచ్చిందంటే లేచే వేళయిందని అర్థం, పొమ్మని తరిమినట్టు కాదు. పైటకొంగు కాలకుండా పట్టుకుని పొగ పట్టించుకోండి, జుట్టుకి కూడా. ఆ చీరని మర్నాడే ఉతికేయకండి, వాసన మూడు నాలుగు రోజులుంటుంది.