తాడు విప్పకముందే జీపీఎస్ సరిచూసుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో వలలు బాగుచేసుకుంటూనే జీపీఎస్ వాడకం కూడా నేర్చుకోమని మా కళాసీలకు చెబుతుంటాను. ఇరవై ఏళ్లుగా కాకినాడ నుంచి బోటు నడుపుతున్నాను.

ముందు పరికరాన్ని ఆకాశం కనిపించే చోట పెట్టి ఆన్ చేయండి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామున్న చోటునూ సమయాన్నీ ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పరికరం దూరం లెక్కగడుతుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి, మన పరికరంలో ఉండదు. దాని గడియారాన్ని కూడా సరిదిద్దాలి కాబట్టే మూడు చాలవు, నాలుగు ఉపగ్రహాలు అందాలి. అందాకే తాడు విప్పండి.

రేవు ఉన్న చోటును పరికరంలో గుర్తుగా నమోదు చేసుకోండి. అదొక్కటే చాలదు. తిరిగి వచ్చేటప్పుడు తెర మీది బాణం తిన్నగా రేవు వైపే చూపిస్తుంది. మధ్యలో, కాకినాడ ఎదుట సముద్రంలో, హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఉందని ఆ బాణానికి తెలియదు. ద్వీపం ఉత్తరపు కొనకు ఎడంగా, లోతున్న చోట మరో గుర్తు పెట్టి, ముందు అక్కడికి, ఆ తర్వాతే రేవుకు రండి. వలలు చిరిగే రాతి చోట్లకూ గుర్తులు పెట్టుకోవాలి.

ఇక అంకెలు. చేపలు దొరికే అవకాశమున్న చోట్లను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అక్షాంశ రేఖాంశాలతో తెలియజేస్తుంది. తోటి బోట్ల వారూ తమకు తెలిసినవి చెబుతారు. ఒకసారి ఒకరు ఫోనులో చూసి అక్షాంశం 16.45 అన్నారు. నేను 16 డిగ్రీల 45 నిమిషాలని నొక్కాను. ఫోను చూపినది దశాంశం! డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 0.45ను 60తో హెచ్చవేస్తే 27. అంటే అసలు చోటు 16 డిగ్రీల 27 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. 18 మైళ్లు ఉత్తరాన వల దించి, డీజిల్ తగలేసి, ఉత్త వలతో తిరిగివచ్చాం. ఆ రోజు కళాసీల ముఖాలు చూడలేకపోయాను. అప్పటినుంచి ఎవరు ఏ అంకె చెప్పినా ‘నిమిషాలా, దశాంశమా?’ అని అడిగాకే నొక్కుతాను.

గుర్తులన్నీ పుస్తకంలోనూ రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి దిక్సూచి పక్కన పెట్టండి. ఉప్పునీరు తగిలి పరికరం ఆగిపోయినా, పక్క బోటు వారిచ్చిన పరికరంలో అవే అంకెలు నొక్కి రేవుకు చేరవచ్చు.