విడాకులప్పుడు రొయ్యల చెరువు లెక్క తేల్చుకోవడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల విడాకుల పంపకాలకు లెక్కలు రాసిపెడుతుంటాను. ఇల్లు, బంగారం దగ్గర ఎలాగోలా ఒక మాటకు వస్తారు. అందరూ బోల్తా పడేది చెరువు దగ్గరే.

ముందు కాగితాలు పోగుచేయండి: పాసు పుస్తకాలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ కాగితం), బ్యాంకు స్టేట్‌మెంట్లు, లీజు అగ్రిమెంటు, లోన్ కాగితాలు. లెక్క పొడుగు పుస్తకంలోనే రాయాలి, కంప్యూటర్లో వద్దు. పుస్తకంలో కొట్టివేత కనబడుతుంది.

తర్వాత పంపకంలోకి రానివి తీసేయండి. పుట్టింటివాళ్లు ఆమెకు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఆమె పేర రాసిన పొలం పూర్తిగా ఆమెవే. పొలం సంగతి 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. పెళ్లయ్యాక సంపాదించిందంతా చెరి సగం అనే రూలు మాత్రం మన చట్టంలో లేదు. ఇద్దరూ ఒప్పుకున్నదే వాటా. కుదరకపోతే భరణం సంగతి కోర్టు చూస్తుంది.

ఇక చెరువు. పంట మధ్యలో దానికి రేటు కట్టకండి. నీళ్లలో ఎంత రొయ్య ఉందో యజమానికే తెలియదు. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వస్తే రోజుల్లో చెరువు ఖాళీ. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని "ఓ పది లక్షలిచ్చి తెంపేయండి" అంటారు. ఆ పది ఎక్కడిదని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పంట పోతే అతను మునుగుతాడు, పండితే ఆమె మునుగుతుంది. అందుకే ఇవాళ వాటా శాతం మాత్రమే రాసుకోండి, డబ్బు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక.

పట్టుబడి రోజు కాటా దగ్గర ఆమె తరఫు మనిషి ఉండి తీరాలి. ప్రతి స్లిప్పు మీద తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), రేటు మూడూ ఉండాలి. యాభై కౌంటు సరుకును డెబ్బై అని రాస్తే కిలో రేటే పడిపోతుంది. మధ్యలో కొంత సరుకు తీసి అమ్మి ఉంటే ఆ స్లిప్పులూ అడగండి, అవే ముందు మాయమవుతాయి.

ఖర్చుల్లో మేత బాకీ పెద్దది. నోటిమాట నమ్మకండి, డీలరు ఖాతా పుస్తకం తెప్పించండి. బావమరిది దగ్గర చేబదులు, బాబాయి దగ్గర చేబదులు అంటూ కొత్త అప్పులు పుట్టుకొస్తాయి. బ్యాంకులో ఎంట్రీ లేని చేబదులును నేను కొట్టేస్తాను, మీరూ కొట్టేయండి. ఏరేటర్లకు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు), జనరేటరుకు పాత సామాను రేటే కట్టాలి. లీజు అడ్వాన్సును అందరూ మర్చిపోతారు. అది తిరిగొచ్చే డబ్బు, ఆస్తిలో కలపండి.

నలుగురు కలిసి చేసే చెరువైతే ఆమె భాగస్వామిగా చేరాలని పట్టుబట్టకండి. మిగతావాళ్లంతా ఒప్పుకుంటే తప్ప భాగస్వామ్య చట్టం కొత్తవాళ్లను చేర్చనివ్వదు. ఒప్పుకున్నా, మాజీ మొగుడితో కలిసి మేత లెక్కలు చూడటం ఎందుకు? వాటాకు డబ్బు తీసుకోండి.

పరస్పర అంగీకార పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. 2017లో సుప్రీంకోర్టు ఆ గడువును తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చంది. చెరువున్నవాళ్లు ఆ మాఫీ అడగకూడదు. వనామీ రకం రొయ్య పంటకు నాలుగు నెలలు చాలు, గడువులోపే అసలు లెక్క చేతికొస్తుంది.

చెరువు లోన్‌కు ఆమె సంతకం కూడా ఉంటే, విడాకులొచ్చినా బ్యాంకు ఆమెను వదలదు. ఆమె పేరు తీసేశామని బ్యాంకు కాగితం ఇచ్చేదాకా గడువు తర్వాత కోర్టులో పెట్టే రెండో సంతకం పెట్టకండి.