ఫోన్‌తో వచ్చిన యాప్‌లను స్క్రిప్ట్‌తో తీసేస్తుంటే వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

హన్మకొండ చౌరస్తాలో తక్కువ ధర ఫోన్ ఏది కొన్నా మనం అడగని గేములు, షాపింగ్ యాప్‌లు, వార్తల యాప్‌లు అందులో ముందే ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకున్న రైతు బ్యాంకు మెసేజ్ కోసం చూస్తుంటే, అది ఈ యాప్‌ల నోటిఫికేషన్ల కింద ఎక్కడో ఉండిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనైనా వీటిని తీసేయాలని నేను గట్టిగా చెబుతాను. రూట్ చేయనక్కర్లేదు, అంటే ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఏడీబీ (కేబుల్ ద్వారా ఫోన్‌కు ఆదేశాలు పంపే టూల్), ఒక చిన్న స్క్రిప్ట్ (ఆదేశాలు వరసగా రాసిన ఫైల్) ఉంటే చాలు. స్క్రిప్ట్ మనం ఇచ్చిన జాబితాలోని ఒక్కో ప్యాకేజీ పేరు (ఫోన్ లోపల యాప్‌కు ఉండే అసలు పేరు) చదివి, ఆ యాప్ ఏపీకే ఫైల్‌ను, అంటే ఇన్‌స్టాల్ ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, తర్వాత ‘పీఎం అన్‌ఇన్‌స్టాల్’ ఆదేశంతో ఫోన్‌లోంచి తీసేస్తుంది. ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. ‘పీఎం’, ‘సీఎండీ’తో మొదలయ్యేవాటి ముందు ‘ఏడీబీ షెల్’ చేర్చాలి.

సమస్య: స్క్రిప్ట్‌కు ఫోన్ కనబడటం లేదు

ఏడీబీ డివైసెస్ అని కొడితే జాబితా ఖాళీగా వస్తే ముందు కేబుల్ మార్చండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి. తర్వాత సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. రెడ్‌మీ, పోకో ఫోన్లలో బిల్డ్ నంబర్‌కు బదులు ఓఎస్ వెర్షన్ (పాతవాటిలో ఎంఐయూఐ వెర్షన్) మీద నొక్కాలి. ‘అనాథరైజ్డ్’ అని వస్తే ఫోన్ తెర మీద అనుమతి అడుగుతూ ఉంటుంది, ఒప్పుకోండి. అడగకపోతే అదే మెనూలో పాత అనుమతులన్నీ రివోక్ (రద్దు) చేసి కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

సమస్య: జాబితాలో ఎన్ని పేర్లున్నా మొదటి యాప్ ఒక్కటే పోతుంది

ఎర్రర్ ఏమీ రాదు, స్క్రిప్ట్ సజావుగా ముగిసినట్టే ఉంటుంది. అందుకే చాలామంది ఇక్కడే తికమక పడతారు. కారణం ఫోన్‌లో లేదు, స్క్రిప్ట్‌లోని లూప్‌లో ఉంది. లైనక్స్‌లోనో గిట్ బాష్‌లోనో ‘వైల్ రీడ్’ లూప్‌తో ఫైల్‌ను ఒక్కో లైన్ చొప్పున చదువుతున్నప్పుడు, లోపల ఉన్న ఏడీబీ షెల్ కూడా అదే ఇన్‌పుట్ నుంచి చదువుతుంది. మొదటి పేరు లూప్‌కు అందుతుంది, మిగతావన్నీ ఏడీబీ షెల్ లాగేసుకుంటుంది. రెండో తడవకు చదవడానికి ఏమీ మిగలదు. ఏడీబీ షెల్ అన్న ప్రతిచోటా దాని వెనకే ‘హైఫన్ ఎన్’ చేర్చితే సరిపోతుంది. ఇన్‌పుట్‌ను డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) నుంచి తీసుకోమని చెప్పినా అదే ఫలితం.

సమస్య: యాప్ ఫోన్‌లో ఉన్నా ‘నాట్ ఇన్‌స్టాల్డ్ ఫర్ జీరో’ అంటుంది

జాబితాను విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాశారా? అలా అయితే ప్రతి లైన్ చివర కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. దాన్ని క్యారేజ్ రిటర్న్ అంటారు. బాష్ స్క్రిప్ట్ దాన్ని కూడా పేరులో భాగం అనుకుంటుంది, అలాంటి పేరున్న యాప్ ఫోన్‌కు దొరకదు. డాస్‌టూయూనిక్స్‌తో ఫైల్ మార్చండి, లేదా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో లైన్ ఎండింగ్‌ను యూనిక్స్‌కు మార్చి సేవ్ చేయండి. అయినా అదే మాట వస్తుంటే పేరు తప్పుగా రాసి ఉంటారు, లేదా ఆ యాప్ ముందే పోయి ఉంటుంది. ‘పీఎం లిస్ట్ ప్యాకేజెస్’ ఇచ్చిన పేరునే కాపీ చేసుకోండి.

సమస్య: బ్యాకప్ ఉంది, కానీ తిరిగి ఇన్‌స్టాల్ కావడం లేదు

‘మిస్సింగ్ స్ప్లిట్’ అని వస్తే ఆ యాప్ ఒక్క ఫైల్‌గా లేదని అర్థం. ఇప్పటి యాప్‌లలో చాలావాటికి బేస్ ఏపీకేతో పాటు భాషకు ఒకటి, తెర పిక్సెళ్ల సాంద్రతకు ఒకటి, ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున ముక్కలుంటాయి. స్క్రిప్ట్ బేస్ ఒక్కటే తెచ్చుకుని మిగతావి వదిలేసింది. యాప్ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే ‘పీఎం పాత్’ ఎన్ని లైన్లు ఇస్తే అన్ని ఫైళ్లూ, ఒక్కో యాప్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టి దింపుకోవాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ‘ఏడీబీ ఇన్‌స్టాల్-మల్టిపుల్’ వాడాలి. రెడ్‌మీ, పోకోలలో ‘యూజర్ రిస్ట్రిక్టెడ్’ అని వస్తే డెవలపర్ ఆప్షన్స్‌లో ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ ఆన్ చేయాలి.

అసలు ఫోన్‌తో వచ్చిన యాప్‌లలో చాలావాటికి ఇంతకంటే దగ్గరి దారి ఉంది. ‘సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్’ అని కొట్టి ప్యాకేజీ పేరు ఇస్తే చాలు, ఏపీకేతో పని లేకుండానే తిరిగొస్తుంది. ఎందుకంటే ‘హైఫన్ హైఫన్ యూజర్ 0’ అని చెప్పి తీసేసినప్పుడు యాప్ మీ ఖాతాకు మాత్రమే పోతుంది, సిస్టమ్ పార్టిషన్‌లో (ఫోన్ సాఫ్ట్‌వేర్ ఉండే చోట) దాని కాపీ అలాగే ఉంటుంది. జాబితా మొత్తం నడిపే ముందు ఏదో ఒక గేమ్‌ను తీసి, ఇలా తిరిగి తెచ్చి చూసుకోండి. అది పనిచేశాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

‘ఇన్ని యాప్‌లు తీసినా స్టోరేజీ పెరగలేదేంటి’ అనే ప్రశ్నకు జవాబు కూడా ఇదే. సిస్టమ్ పార్టిషన్‌లోని జాగా మనకు రాదు. ఆ యాప్ అప్‌డేట్లు, డేటా ఆక్రమించిన చోటు మాత్రమే ఖాళీ కావచ్చు. మనకు దక్కేది నోటిఫికేషన్ల నుంచి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే పనుల నుంచి విముక్తి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే యాప్‌లన్నీ మళ్లీ వస్తాయి, పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్ని రావచ్చు. జాబితా దాచుకుంటే మళ్లీ నడపవచ్చు.

సమస్య: యాప్ తిరిగొచ్చింది, అందులోని సమాచారం రాలేదు

ఏపీకే అంటే యాప్ మాత్రమే, అందులో మీరు రాసుకున్నవి కావు. పాత ‘ఏడీబీ బ్యాకప్’ ఆదేశాన్ని నమ్ముకోవద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్త యాప్‌ల డేటాను అది తీసుకోదు. తీసేసే ఆదేశంలో ‘హైఫన్ కె’ ఉంటే డేటా ఫోన్‌లోనే ఉంటుంది, లేకపోతే యాప్‌తో పాటే పోతుంది. కంపెనీ ఇచ్చిన నోట్స్ యాప్‌లో అమ్మ చీటీల లెక్క రాసుకుని ఉండొచ్చు. తీసే ముందు ఆమెనే అడగండి, అందులో ఉన్నది వేరేచోటికి ఎక్కించి పెట్టండి.

సమస్య: కీబోర్డ్ మాయమైంది, లేదా ఫోన్ లోగో దగ్గరే తిరుగుతోంది

ముట్టుకోకూడని ప్యాకేజీ పోయింది. కీబోర్డ్ అయితే ఇన్‌స్టాల్ ఎగ్జిస్టింగ్‌తో వెంటనే వస్తుంది. లోగో దగ్గర ఆగితే టెన్షన్ పడకుండా కేబుల్ పెట్టి ఏడీబీ డివైసెస్ కొట్టి చూడండి. ఒక్కోసారి ఆ స్థితిలోనూ ఫోన్ కనబడుతుంది, అప్పుడు పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. కనబడకపోతే మిగిలేది రికవరీ మెనూలో ఫ్యాక్టరీ రీసెట్, దాంతో ఫొటోలతో సహా అన్నీ పోతాయి. ప్లే సర్వీసెస్, వెబ్‌వ్యూ, లాంచర్, సిస్టమ్ యూఐ, కాల్స్, మెసేజ్‌ల యాప్‌లు, రెడ్‌మీలో ఫైండ్ డివైస్, సెక్యూరిటీ, ఇవేవీ జాబితాలో ఉండకూడదు. అనుమానం ఉన్నవాటిని ‘పీఎం డిసేబుల్-యూజర్’తో కొన్నాళ్లు ఆపి చూడండి. ఫోన్ బాగానే నడిస్తే అప్పుడు తీసేయండి.

సమస్య: ‘డివైస్ పాలసీ మేనేజర్’ అంటూ తీయనివ్వదు

ఆ యాప్‌కు అడ్మిన్ హక్కులున్నాయి. మామూలు యాప్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితాలోంచి తొలగించి మళ్లీ ప్రయత్నించండి. కిస్తీల మీద కొన్న ఫోన్‌లో అయితే అది ఫైనాన్స్ వాళ్ల లాక్ యాప్ కావచ్చు. కిస్తీలు తీరేదాకా దాన్ని కదిలించొద్దు. తీరాక వాళ్లతోనే తీయించుకోండి.

అంతా అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయండి. ఇంటర్నెట్ సెంటర్‌లోనో స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనో ఈ పని చేసి ఉంటే, ఆఫ్ చేసే ముందు అనుమతులన్నీ రివోక్ చేయండి. ఏపీకే ఫోల్డర్లను, జాబితాను మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.