మారేడుమిల్లి జలపాతాల్లో దిగేముందు

కోనసీమ నుంచి మారేడుమిల్లి వెళ్లేవాళ్లకి ఒక చిట్కా. కాలవల్లో ఈత వచ్చు కదా అని జలపాతం కింది మడుగులో ధీమాగా దిగొద్దు. కాలవ అడుగున ఒండ్రు ఉంటుంది, కాలు కూరుకుంటుంది. ఇక్కడ పాకుడు పట్టిన రాళ్లు, కాలు జారుతుంది. ధార పడేచోట నీళ్లనిండా గాలి బుడగలే. ఆ తెల్లటి నురగలో ఒళ్లు సరిగా తేలదు, చేతులు ఎంత ఆడించినా పట్టు దొరకదు. నురగ లేని వైపే ఈత. ధార కింద తల పెడితే పైనుంచి రాళ్లు, కొమ్మలు కూడా పడతాయి.

హవాయి చెప్పులొద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. చీర, జీన్స్ తడిస్తే బరువెక్కి లాగేస్తాయి. లైఫ్ జాకెట్ ఇస్తే బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి. చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు.

లోతు గైడ్‌నే అడగండి, కర్రతో చూపించమనండి. నిరుడు లోతున్నచోట ఈసారి బండ ఉండొచ్చు, కాబట్టి పైనుంచి దూకడం అసలొద్దు.

పై కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. తేట నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సెల్ఫీలు ఆపి గట్టెక్కండి. సామాను అవతలి ఒడ్డున ఉన్నా సరే వాగు దాటొద్దు, ఉన్న వైపే ఎత్తుకి వెళ్లి నీరు తగ్గేదాకా ఆగండి.