తీరిక లేనివాళ్ళ వ్యాయామం – 3వ పాఠం: లిఫ్ట్ పక్కనున్న మెట్లు

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా, రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రావడం. వారంలో నాలుగు రోజులు చేసినవాళ్ళు ముందుకు రండి. ఒక్కరోజే చేసినవాళ్ళు ఇంకో వారం అక్కడే ఉండండి, సిగ్గేం లేదు, నాకు ఆ పాఠానికే నెల పట్టింది.

ఈసారి మెట్లు. దీనికి విడిగా టైమ్ అక్కర్లేదు, ఎలాగూ ఇంటికి చేరాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలంటుంది. ఇదివరకు ఒక్కో విడత పది నిమిషాలైనా ఉంటేనే లెక్క అనేవాళ్ళు, 2020లో వచ్చిన సూచనల్లో ఆ షరతు లేదు, కాబట్టి మీ రెండు నిమిషాల మెట్లూ లెక్కలోకొస్తాయి.

మొదటి వారం ఇలా చెయ్యండి: మీరు ఐదో ఫ్లోర్‌లో ఉంటే లిఫ్ట్‌లో మూడు నొక్కి, అక్కడ దిగి మిగతా రెండూ ఎక్కండి. రోజుకి ఒక్కసారి చాలు, అదీ బయటినుంచి వచ్చేటప్పుడే. పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి, ముని వేళ్ళ మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. మోకాలు లోపలికి వంగిపోకుండా కాలి వేళ్ళ దిక్కునే ఉండాలి. రెయిలింగ్ మీద చెయ్యి ఊరికే ఉంచండి, దాన్ని పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కోకండి. పైకి చేరాక ఆయాసం రావాలి గానీ తలుపు తీసినవాళ్ళతో మాట్లాడలేనంత రాకూడదు. అంత వస్తే రేపు ఒక ఫ్లోర్ తగ్గించండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అక్కడ పంతాలు వద్దు.

ఇక దిగడం. ఇది ఎక్కడం కంటే తేలిక అనుకుంటాం, నేనూ అలాగే అనుకుని మొదటిరోజే ఊపులో ఐదు ఫ్లోర్లూ నాలుగుసార్లు ఎక్కి దిగాను. ఆ రాత్రి హాయిగానే పడుకున్నా. మూడోరోజు పొద్దున చూడాలి నా తిప్పలు, తొడలు కర్రల్లా బిగుసుకుపోయి రెయిలింగ్ పట్టుకుని పీతలా పక్కకి తిరిగి దిగుతుంటే, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి "ఏమైంది సార్" అన్నాడు. బాత్రూమ్‌లో జారానని చెప్పాను! కారణం ఏంటంటే, దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువుని ఆపుతుంది, బండి ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ నొక్కి పెట్టినట్టు. అలవాటు లేని కండరానికి ఆ నొప్పి ఒకటి రెండు రోజులు ఆగి తెలుస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్ట్‌లో. తొడ కండ నొప్పి అయితే నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది, మోకాలి చిప్ప దగ్గర గుచ్చినట్టుంటే మాత్రం కొన్నాళ్ళు మెట్లు ఆపి నడకకే వెళ్ళండి.

రెండో వారం మూడు ఫ్లోర్లు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున పెంచుకోండి. ఇల్లు కిందే ఉంటే ఆఫీసో, మెట్రో స్టేషనో, ఏదో ఒక చోట మెట్లు ఉంటాయి.

నా లెక్క తిరుమలది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఫ్లోర్‌కి ఇరవై చొప్పున మా ఐదు ఫ్లోర్లు వంద మెట్లు, అంటే ముప్పై అయిదున్నర సార్లు ఇంటికి రావడమన్నమాట. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, చివర్లో మోకాళ్ళ పర్వతం మళ్ళీ పరీక్ష పెడుతుంది, మధ్యలో నడక దారే ఎక్కువ. మీ బిల్డింగ్‌లో ఫ్లోర్‌కి ఎన్ని మెట్లో ఇవాళే లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకోండి, ఎక్కిన రోజు అంకె చుట్టూ సున్నా చుట్టండి.

వచ్చే పాఠం గుంజీళ్ళు. చెవులు పట్టుకోవడం మీ ఇష్టం.