పాత ట్రాక్టర్ నల్లపొగ: డీజిల్ పంపు జోలికి పోకముందు చూడాల్సినవి

ముందు పొగ రంగు చూడండి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిలు కాలుతోంది. పిస్టన్ రింగులు గానీ, వాల్వ్ గైడ్లు గానీ అరిగి ఉండొచ్చు, అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు తెల్లపొగ వస్తే కంగారొద్దు. వేడెక్కాకా ఆగకపోతే టైమింగ్, కంప్రెషన్, హెడ్ గాస్కెట్ చూపించండి. నల్లపొగ మాత్రం పూర్తిగా కాలని డీజిలే. అయితే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది.

గాలితో మొదలుపెట్టండి. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరైతే (గాలిలో దుమ్మును గిన్నెలోని ఆయిలుతో పట్టేది) ఇంజన్ ఆపి, కాసేపు ఆగి గిన్నె దించండి. నూర్పిళ్లప్పుడు దీన్ని రోజూ చూడాలి. అడుగున బురద పేరుకుంటే పాత ఆయిలు డబ్బాలోకి వంపి, గిన్నెనూ పైనున్న జాలీనీ డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. కొత్త ఇంజన్ ఆయిలు గీత వరకే పోయాలి. ఎక్కువైతే ఇంజన్ ఆ ఆయిల్ని లాక్కుని అదుపు తప్పి రేసవ్వొచ్చు. తక్కువైతే దుమ్ము లోపలికెళ్లి సిలిండర్ లైనర్లను అరగదీస్తుంది. రబ్బరు గొట్టం పగుళ్లూ, క్లాంపులూ అప్పుడే చూడండి.

అయినా పొగ తగ్గకపోతే నాజిళ్లు, అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కొనలు చూడాలి. ఇంజన్ వేడెక్కాక, పొగ కనపడే స్పీడులో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు పంపు వైపు అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగించండి. ఏది వదిలినప్పుడు పొగ తగ్గి, ఇంజన్ శబ్దం పెద్దగా మారదో ఆ నాజిలే అనుమానం. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, నట్టుమీద గుడ్డ కప్పండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. సూదిపోటంత గాయమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ ఇంజన్ (చాలా ఎక్కువ ప్రెషర్‌తో నడిచే కొత్త రకం) మీద ఈ పరీక్ష అసలు చేయకండి.

నాజిల్‌ని పంపు షాపులో టెస్ట్ చేయిస్తే పొగమంచులా చిమ్మాలి, కొన వద్ద చుక్క కారకూడదు. బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయండి. పాతది గుంతలోనే ఉండిపోతే రెండు వాషర్లయి నాజిల్ పైకి లేస్తుంది, పొగ ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ అయ్యాకే పంపు. పంపు స్క్రూకి వేసిన సీలు తెగి ఉంటే దమ్ములో లాగుడు కోసం ఎవరో డీజిల్ స్క్రూ పెంచి ఉండొచ్చు. చేత్తో తిప్పకండి, టెస్ట్ బెంచి మీద కాలిబ్రేషన్ చేయించండి. బరువు లాగుతున్నప్పుడే పొగ వస్తుంటే ఒక గేరు తగ్గించి చూడండి.