పెద్ద డీజే వచ్చిన రాత్రి పబ్‌కు వెళ్లాలంటే

జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక పబ్ విదేశీ డీజే బొమ్మను పోస్టర్ మీద పెద్దగా వేసినప్పుడు, టికెట్ ధర కంటే ముందు ఆయన కన్సోల్ (డీజే సంగీతం వాయించే బల్ల) దగ్గరికి ఎన్ని గంటలకు వస్తాడో, ఎంతసేపు ఉంటాడో అడగాలి. తలుపులు ఎనిమిదింటికే తెరిచినా ప్రధాన డీజే సాధారణంగా బాగా పొద్దుపోయాక గానీ రాడు, పబ్ మూసే వేళేమో ఆయన కోసం ఆగదు. జూబ్లీహిల్స్ నివాసుల పిటిషన్ మీద రాత్రి పది తర్వాత పబ్బుల్లో పెద్ద సంగీతం వద్దని తెలంగాణ హైకోర్టు 2022లో ఆదేశించి, తర్వాత కొంత సడలించింది. కాబట్టి వెళ్లబోయే చోట ఆ రాత్రి ఏ వేళ వరకు సంగీతం ఉంటుందో కూడా కనుక్కోవడం మంచిది. నన్నడిగితే, ముందుగా వాయించే స్థానిక డీజేల కోసం పెందలాడే వెళ్లడమే లాభం: రద్దీ ఉండదు, సంగీతమూ చెవికెక్కుతుంది.

అసలు ఖర్చు టేబుల్ దగ్గర మొదలవుతుంది. 2013లో ఫోర్బ్స్ పత్రిక డీజే కాల్విన్ హ్యారిస్ ఏడాది సంపాదనను 4.6 కోట్ల డాలర్లుగా లెక్కకట్టింది. లాస్ వేగాస్ క్లబ్బులు డీజేలకు అంతంత సొమ్ము ఇవ్వగలిగింది చాలావరకు టేబుళ్ల మీద అమ్మిన సీసాల వల్లనే. ఇక్కడ కూడా కన్సోల్‌కు దగ్గరయ్యేకొద్దీ మినిమం స్పెండ్, అంటే ఆ టేబుల్‌కు కనీసం ఖర్చు పెట్టాల్సిన మొత్తం, పెరుగుతుంది. ఆ మొత్తంలో పన్నులు కలిసి ఉన్నాయా, టేబుల్‌కు ఎంతమందిని అనుమతిస్తారు, కవర్ ఛార్జిలో (లోపలికి రావడానికి కట్టే రుసుములో) ఎంత భాగం తిండికీ పానీయాలకూ సర్దుబాటవుతుంది అనే మూడు సంగతులను బుక్ చేసేటప్పుడే వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లులో సర్వీస్ ఛార్జి కనబడితే తీసేయమని అడగండి. దాన్ని తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

ఖరీదైన సీసాకు నిప్పురవ్వలు చిమ్మే కడ్డీ వెలిగించి ఊరేగింపుగా తెచ్చే వేడుక నాకు ఎప్పుడూ నచ్చలేదు. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో, కిస్ నైట్‌క్లబ్ వేదిక మీద వెలిగించిన బాణసంచా పైకప్పుకు అంటుకుని 242 మంది చనిపోయారు. లోపలికి వెళ్లగానే అత్యవసర ద్వారం ఎటుందో, దానికి తాళం ఉందో లేదో చూసుకోండి.

చెవుల సంగతి చాలామంది పట్టించుకోరు. 85 డెసిబెల్స్ ధ్వనిని ఎనిమిది గంటలు భరించవచ్చునని, ధ్వని 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగానికి పడిపోతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ వద్ద పావుగంటే గడువు. నురగతో చేసిన ఇయర్‌ప్లగ్‌లు మందుల షాపులో చవకగానే దొరుకుతాయి. స్పీకర్లకు ఎదురుగా నిలబడకుండా, గంటకోసారి బయటికి వచ్చి కాసేపు ఉండి వెళ్లండి.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు గనుక గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఎవరైనా మాత్రో పొడో చేతిలో పెట్టబోతే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి, ఎందుకంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అమ్మడమే కాదు, వాడడమూ నేరమే. మీ గ్లాసును వదిలి డ్యాన్స్‌ఫ్లోర్ మీదికి వెళ్తే, తిరిగి వచ్చాక దాన్ని తాగకండి. అమ్మాయిలను ఎవరైనా వేధిస్తే ముందు బౌన్సర్‌కు చెప్పాలి, అతడు కదలకపోతే 100కు ఫోన్ చేయాలి.

మెట్రో అర్ధరాత్రికి ముందే ఆగిపోతుంది, పబ్బులన్నీ ఒకేసారి మూసే వేళకు క్యాబ్ ధర ఆకాశంలో ఉంటుంది. పావుగంట ముందే బయటపడితే క్యాబ్ బాధ కొంత తగ్గుతుంది. కారు తీసుకెళ్తే తాగనివారొకరిని ముందే నిర్ణయించుకోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే, మొదటిసారికే పదివేల రూపాయల వరకు జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వాహనాన్ని అక్కడే ఆపేస్తారు. ఆపై ట్రాఫిక్ పోలీసుల శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాల్సి వస్తుంది.